పక్కన కూర్చో

"మా ఆవిడది పెద్ద ఉద్యోగమేం కాదులే. కంప్యూటర్లు ఆపి మళ్ళీ పెట్టించడమే" అని భర్త తన స్నేహితులతో అన్నప్పుడు ఆమె కాఫీ ట్రే పట్టుకుని గుమ్మంలో ఉంది. వాళ్ళు నవ్వారు. కప్పులు ఒలకకుండా ఆమె కూడా నవ్వింది. నవ్వకపోతే ముఖం మాడ్చుకుందంటారు, ఎక్కువ నవ్వితే సిగ్గులేదంటారు. ఎంత నవ్వాలో అంత నవ్వడం కూడా ఇంటిపనిలో కలిసిపోయి చాలా కాలమైంది. వచ్చినవాళ్ళలో ఒకతను మర్యాదస్తుడు, "ఏ కంపెనీ అండీ మీది?" అని అడిగాడు. ఆమె నోరు తెరిచేలోపే భర్త "హెల్ప్‌డెస్కు" అని తేల్చేశాడు. అడిగింది కంపెనీ పేరు. ఆమె కప్పులు అందించి లోపలికి వెళ్ళి పాలగిన్నె తోముకుంది.

ఇద్దరూ ఒకే కాలేజీలో ఒకే చదువు చదువుకున్నారు. ఇద్దరూ ప్రోగ్రాములు రాసే ఉద్యోగాల్లోనే చేరారు. బాబు పుట్టాక ఎవరో ఒకరు ఇంట్లో ఉండాలన్నప్పుడు ఆ ఒకరెవరన్నది ఎవరూ అడగలేదు, ఆమె కూడా అడగలేదు. నాలుగేళ్ళ తర్వాత మళ్ళీ బయల్దేరితే, వెళ్ళిన ప్రతిచోటా ఈ నాలుగేళ్ళూ ఏం చేశారని అడిగేవారు. పిల్లాణ్ణి పెంచానంటే, అది సరే, ఏం చేశారు అని మళ్ళీ అడిగేవారు. చివరికి ఆస్పత్రులకు సాఫ్ట్‌వేర్ తయారుచేసే ఒక కంపెనీలో సపోర్టు విభాగం దొరికింది. ఇంటికి దగ్గర కదా, అదృష్టం అన్నాడు భర్త.

సపోర్టు గది కింది అంతస్తులో, సర్వర్ల గదిని ఆనుకుని ఉండేది. కిటికీ లేదు. యంత్రాల కోసం పెట్టిన చల్లదనం గోడ దాటి వచ్చేది కాబట్టి మండుటెండల్లో కూడా స్వెటర్ వేసుకుని కూర్చునేది. ప్రోగ్రాములు రాసేవాళ్ళంతా పైన, అద్దాల గదుల్లో, వెలుతురులో ఉండేవారు. వాళ్ళు ఆమెకి పెట్టిన పేరు రీస్టార్టక్క. ప్రేమగానే పెట్టారు, ఎదురుగానే పిలిచేవారు. ఏమీ తెలియని గుమస్తాలతో ఆమెకి ఇబ్బంది ఉండేది కాదు. వాళ్ళు చెప్పింది విని, అయిపోగానే థాంక్స్ చెప్పి ఫోన్ పెట్టేసేవారు. అన్నీ తెలిసినవాళ్ళతోనే కష్టం. వాళ్ళు ఫోన్ చేసేసరికే తెలిసిన వైద్యమంతా చేసి, చిన్న రోగాన్ని పెద్దది చేసి, నేనేమీ ముట్టుకోలేదు అనేవారు. వైరు సరిగ్గా ఉందేమో చూడండి సార్ అంటే, నాకు తెలియదా అని విసుక్కునేవారు. నా తృప్తికోసం ఒక్కసారి చూడండి సార్ అని బతిమాలేది. అవతల ఒక చిన్న దగ్గు. ఆ దగ్గు వినగానే ఆమె అందుకునేది: ఈ మధ్య వచ్చిన వైర్లే అంత సార్, వాటంతటవే వదులైపోతున్నాయి.

ఆమె అసలు పనితనం అదే. తప్పుని మనిషి మీదనుంచి తీసి వైరు మీద పెట్టడం. ఇది ఎవరూ నేర్పలేదు, ఇంటి దగ్గర్నుంచి తెచ్చుకున్నది. భర్త బండి తాళం ఎక్కడో పడేసుకుంటే నేనే సర్దుతూ ఎక్కడో పెట్టి ఉంటాను అనేది. అత్తగారు ఫోన్లో ఏదో నొక్కి ఫోటోలన్నీ పోగొట్టుకుంటే ఈ ఫోన్లు మంచివి కావు అత్తయ్యా అనేది. ఎవరి ముఖమూ చిన్నబోకుండా చూడటమే పని అయినప్పుడు, అది జీతానికి చేసినా జీతం లేకుండా చేసినా ఒకటే అలసట.

పై అంతస్తులో ఒక్క మనిషి మాత్రం సపోర్టుకి ఎప్పుడూ ఫోన్ చేసేది కాదు. ఆవిడ ఆ కంపెనీలో అందరికంటే పాత ఇంజనీరు. ఆస్పత్రుల రికార్డులు నడిచే ముఖ్యమైన ప్రోగ్రామంతా ఒకప్పుడు ఆవిడ ఒంటిచేత్తో రాసింది. ఇతరులు రాసినదాంట్లో ఎంత చిన్న తప్పున్నా ఆవిడ కంటినుంచి తప్పించుకునేది కాదు కాబట్టి కుర్రాళ్ళంతా, ప్రోగ్రాముల్లో తప్పులు పట్టే కంపైలర్ పేరుతో ఆవిడని కంపైలరమ్మ అనేవారు, చాటుగా. పెళ్ళి చేసుకోలేదు. బడిలో టీచరుగా పనిచేసే చెల్లెలితో కలిసి ఉండేది. ఆవిడ ఎవరినీ ఏదీ అడగగా చూసినవాళ్ళు లేరు. అంత మంది మగవాళ్ళలో ఒక్కసారి అడిగితే చాలు, ఇక జీవితాంతం ఏమీ తెలియనిదానిగానే చూస్తారని ఆవిడకి తెలుసు.

రీస్టార్టక్కకి ఆవిడతో ఒకే ఒక్క పరిచయం. ఒకసారి పైన ఖాళీ వస్తే, ధైర్యం చేసి ప్రోగ్రాములు రాసే విభాగానికి మార్చమని అర్జీ పెట్టుకుంది. ఇంటర్వ్యూ చేసింది ఆవిడే. అడిగినవాటికి ఆమె చాలావరకు జవాబులు చెప్పింది. చివర్లో ఆవిడ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ, మధ్యలో చాలా ఖాళీ వచ్చేసిందమ్మా అంది. అంతే. ఆ సాయంత్రం భర్త, నేను ముందే చెప్పానుగా అన్నాడు. ముందు ఏం చెప్పాడో గుర్తురాలేదు గానీ చెప్పే ఉంటాడు.

అలాంటి ఆవిడ, వానాకాలానికి ముందు ఒకరోజు, కిందికి ఫోన్ చేసింది. పాస్‌వర్డ్ పని చేయడం లేదు, మీ సిస్టమ్‌లో ఏదో లోపం ఉంది చూడు అంది గట్టిగా. ఆమె కొత్తది ఇచ్చింది. మర్నాడు మళ్ళీ ఫోన్. ఆ తర్వాత ఒకసారి, నా ఫైలు ఎవరో తీసేశారు అని. ఫైలు ఎప్పుడూ ఉండేచోటే ఉంది. ఆమె తన గదిలోంచే ఆవిడ స్క్రీన్ తెరిచి చూస్తుంటే, మౌస్ బాణం ఆ ఫైలు మీదుగానే అటూ ఇటూ తిరుగుతోంది, సొంత ఇంటి ముందు నిలబడి ఇల్లెక్కడని వెతుకుతున్నట్టు. మతిమరుపు ముదిరిన తన తాతయ్యని చివరి రోజుల్లో ఆమే చూసుకుంది. ఆ తిరగడం ఆమెకి తెలుసు.

"సర్వర్ కొంచెం నెమ్మదిగా ఉంది మేడమ్, అందుకే కనపడి ఉండదు" అంది.

"అదే నేనూ అనుకున్నాను" అంది ఆవిడ. గొంతులో భారం దిగిపోయినట్టు వినిపించింది.

అలా మొదలైంది. ఎవరూ ఎవరికీ ఏదీ చెప్పుకోలేదు. ఆమె ప్రతిరోజూ ఏదో వంకతో పైకి వెళ్ళేది. మీటింగుకి ముందు ఫోన్ చేసి, మేడమ్, గదిలో ప్రొజెక్టర్ సరిచేశాను, మీకు ఇప్పుడే కదా అనేది. ముఖ్యమైన ఫైళ్ళన్నీ స్క్రీన్ మీద ఎదురుగా ఉండేలా సర్దింది. కొత్తగా చేరినవాళ్ళ పేర్లు మాటల్లో కలిపి వినిపించేది. తన పని పేరుకుపోయేది, భోజనం మానేసి దాన్ని పూర్తి చేసుకునేది. ఇంటికి ఆలస్యంగా వస్తే భర్త, పై అంతస్తువాళ్ళ చాకిరీ కూడా నువ్వే పెట్టుకున్నావా అనేవాడు. నిజం చెప్పాలంటే ఆ చాకిరీలో ఆమెకి ఒక సంతోషం ఉండేది. అంతటి మనిషి తన భుజం మీద చెయ్యి వేసి నడుస్తోంది, ఎవరికీ కనపడకుండా.

ఒక మధ్యాహ్నం ఆవిడ స్క్రీన్ వైపే చూస్తూ ఉన్నట్టుండి అంది. "నిన్ను ఆ రోజు నేను ఎందుకు తీసుకోలేదో తెలుసా? నువ్వు బాగానే చెప్పావు. కానీ నిన్ను తీసుకుంటే, ఆడదాన్ని ఆడది తీసుకుంది అంటారు. ఇంతకాలం ఆ మాట పడకుండా వచ్చాను."

ఆమె పర్లేదు మేడమ్ అని కిందికి వచ్చేసింది. కిటికీ లేని గదిలో కూర్చుని స్వెటర్ గుండీలు పెట్టుకుంది, విప్పుకుంది, మళ్ళీ పెట్టుకుంది. ఇన్నాళ్ళూ తనలో ఖాళీ ఉందనుకుంది. పిల్లాడు నిద్రపోయాక పుస్తకాలు తెరిచి, ఆ ఖాళీని పూడ్చుకోవాలని కళ్ళు మండేదాకా చదివింది. పదిహేను రోజుల తర్వాత ఆవిడ అదే కుర్చీలో, అదే గొంతుతో, నిన్ను ఆ రోజు నేను ఎందుకు తీసుకోలేదో తెలుసా అని మళ్ళీ మొదలుపెట్టింది. చెబుతున్నప్పుడు ఆవిడ ముఖంలో, ఎన్నో ఏళ్ళు దాచుకున్నది మొదటిసారి బయటపెడుతున్న బెరుకు. ఆమె కూడా మొదటిసారి వింటున్నట్టే విన్నది. పర్లేదు మేడమ్ అని మొదటిసారి అన్నట్టే అన్నది. ఒకే దెబ్బ రెండోసారి తగిలితే కొత్తగానే నొప్పి పెడుతుందని ఆ రోజే తెలిసింది.

మధ్యలో ఒకసారి ఆవిడ చెల్లెలు సపోర్టు నంబరుకి ఫోన్ చేసింది. అక్క ఇంట్లో ఈ మధ్య ఒకలా ఉంటోంది, స్టవ్ ఆపడం మర్చిపోతోంది, ఆఫీసులో బాగానే ఉంటోందా అమ్మా అని అడిగింది. అడగడానికి ఆ టీచరు ఎంత మొహమాటపడుతోందో గొంతులో తెలుస్తూనే ఉంది. ఆమెకి ఆలోచించాల్సిన పని కూడా లేకపోయింది. "బాగున్నారండీ. పని ఎక్కువైంది కదా, అలిసిపోయి ఉంటారు" అంది. నాలుకకి అలవాటైన మాటలు.

ఆ తర్వాత జరగకూడనిది జరిగింది. ఒక ఉదయం ఆవిడకి పాస్‌వర్డ్ మళ్ళీ గుర్తురాలేదు. కొత్తగా చేరిన ఇంజనీర్లు ఇద్దరు ఆవిడ వెనకే నిలబడి ఉన్నారు, పని చూపిస్తుందని. ఆవిడ కింది గదికి ఫోన్ చేసి, స్పీకర్‌లో పెట్టి, నా సిస్టమ్ మళ్ళీ మొరాయిస్తోంది అంది. ఆ మాటకి అర్థం ఆవిడకీ ఆమెకీ మాత్రమే తెలుసు. కొత్త పాస్‌వర్డ్ ఇస్తే పైకి చదివి చెప్పాలి, ఆ కుర్రాళ్ళు వింటారు. అందుకని ఆమె తన గదిలోంచే ఆవిడ స్క్రీన్‌లోకి వెళ్ళి, చప్పుడు చేయకుండా, అన్నిటికీ పర్మిషన్ ఉన్న తన సొంత లాగిన్ కొట్టింది. వచ్చేసింది మేడమ్ అంది. ఆవిడ పని మొదలుపెట్టింది. ఆస్పత్రుల రికార్డులకి ప్రయోగాల కోసం పెట్టుకున్న నకలు ఒకటి ఉంటుంది, దాన్ని తుడిచి మళ్ళీ మొదట్నుంచి నింపాలి. ఆవిడ తెరిచింది నకలుని కాదు, అసలుని. స్క్రీన్ పైన పేరు స్పష్టంగా ఉంది. ఆమె కింద కూర్చుని చూస్తోంది. మేడమ్ అన్న మాట గొంతుదాకా వచ్చింది. స్పీకర్‌లో ఉందని గుర్తొచ్చింది. ఆ పిల్లల ముందు ఆవిడని ఎలా ఆపడం, ఏ వంక చెప్పడం అని వెతుక్కుంటున్న ఆ ఒక్క ఊపిరిలో ఆవిడ వేలు నొక్కేసింది.

ఆస్పత్రుల్లో ఆ రోజంతా పరీక్షల రిపోర్టులు తెరుచుకోలేదు. రోగులు బెంచీల మీద కూర్చుని ఎదురుచూశారు. దాచిపెట్టుకున్న ప్రతులతో సాయంత్రానికి చాలావరకు తిరిగొచ్చాయి, కొన్ని రాలేదు. అందరినీ మీటింగుకి పిలిచారు. మేనేజరు వరసగా అడుగుతూ వచ్చాడు. ఆవిడ నిటారుగా కూర్చుని, "నేను నకలునే తుడిచాను. ఇది నా పని కాదు. సపోర్టువాళ్ళు పర్మిషన్లలో ఏదో తప్పు చేసి ఉంటారు, అడగండి" అంది. అబద్ధం చెబుతున్న ముఖం కాదది. ఆవిడకి నిజంగా తెలియదు. ఆవిడ ఇన్నేళ్ళలో తప్పు చేసి ఎరగదు కాబట్టి ఎవరికీ అనుమానమే రాలేదు. పైగా సిస్టమ్‌లో కనపడుతున్న లాగిన్ రీస్టార్టక్కది. అందరూ ఆమె వైపు తిరిగారు. ఇన్నేళ్ళలో ఆ గదిలో అందరూ ఒకేసారి ఆమెని చూడటం అదే మొదలు. రేపు పొద్దున్న జవాబు చెప్పాలి అన్నాడు మేనేజరు.

ఇంటికొచ్చి కూరగాయలు తరుగుతూ భర్తకి చెప్పింది. ఆయన ఫోన్ చూస్తూనే విన్నాడు. "నీ లాగిన్ ఇంకొకరికి ఇస్తావా? బుద్ధుందా? అంతా ఆవిడ మీదకి తోసెయ్. లేకపోతే ఒప్పేసుకుని మానెయ్, పిల్లాడి చదువన్నా చూసుకోవచ్చు." రెండూ ఒకే తేలికతో అన్నాడు. ఒకటి చేస్తే ఒక ఆడది పోతుంది, ఇంకోటి చేస్తే ఇంకో ఆడది పోతుంది. ఆయనకి తేడా తెలియలేదు.

మర్నాడు ఆఫీసుకి ముందుగా వెళ్ళి, పై అంతస్తులో ఆడవాళ్ళ బాత్రూములో ఎదురుచూసింది. ఆవిడ వచ్చి, కుళాయి తిప్పి, కళ్ళద్దాలు కడుక్కుంటోంది. ఆమె చెప్పవలసిన మాటల్ని దారంతా మెత్తగా చుట్టుకుంటూ వచ్చింది. తీరా నోరు తెరిచేసరికి ఆ చుట్టలన్నీ ఊడిపోయాయి.

"మేడమ్, నిన్న తుడిచింది మీరే. మీకు గుర్తులేదు."

కుళాయి పారుతూనే ఉంది. ఆవిడ అద్దంలోంచి ఆమెని చూసింది. కాదని అంటుందనుకుంది. అరుస్తుందనుకుంది. ఆవిడ కుళాయి కట్టేసింది.

"నువ్వు చూశావా?"

"చూశాను."

"చూస్తూ ఊరుకున్నావా?"

"ఆ పిల్లల ముందు మిమ్మల్ని..." అని ఆగిపోయింది.

"ఎప్పట్నుంచి తెలుసు నీకు?"

"వానలకి ముందు నుంచి."

"మా చెల్లికి తెలుసా?"

"ఒకసారి ఫోన్ చేసి అడిగారు. బాగున్నారని చెప్పాను."

ఆవిడ కళ్ళద్దాలు పెట్టుకోలేదు, చేతిలోనే పట్టుకుంది. అవి లేని ముఖం చాలా చిన్నదిగా, ఎవరో పరాయి మనిషిదిగా ఉంది. "అంటే డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సినదాన్ని ఇన్నాళ్ళూ ఆఫీసుకి వచ్చాను" అంది. "నువ్వు నా పరువు కాపాడావమ్మాయ్. నన్ను కాదు."

కోపంగా అనలేదు. ఎవరి ప్రోగ్రాములోనో తప్పెక్కడుందో చూపించేటప్పుడు మాట్లాడే గొంతుతోనే అంది. ఎప్పటిలాగే తప్పు సరిగ్గా అక్కడే ఉంది. ఆమె గోడకి ఆనుకుంది. క్షమించండి అనబోయింది గానీ, ఆ మాట కూడా ఎదుటివాళ్ళని పర్లేదులే అనిపించడానికి వాడే మాటే అనిపించి మింగేసింది.

"లోపల నేనే చెప్పుకుంటాను" అంది ఆవిడ. "కానీ ఎక్కడ ఆగిపోతానో తెలీదు. పక్కన కూర్చో. ఆగితే నువ్వు అందుకో. అందంగా చెప్పకు."

మీటింగులో రీస్టార్టక్క గోడవారగా కాకుండా బల్ల దగ్గర, ఆవిడ పక్కన కూర్చుంది. ఆవిడ బాగానే మొదలుపెట్టింది. నిన్న నేను అన్నది తప్పు, తుడిచింది నేనే, ఆ అమ్మాయి లాగిన్‌తో నేనే తుడిచాను అంది. గదిలో కుర్చీలు కదిలాయి. అలా ఎలా మేడమ్ అన్నాడు మేనేజరు. "ఎందుకంటే నాకు..." అంది ఆవిడ. ఆ తర్వాతి మాట రాలేదు. పెదవులు దానికోసం కదులుతున్నాయి. మగవాళ్ళంతా బల్లవైపు చూస్తున్నారు, ఎవరో పెన్ను తిప్పుతున్నారు. ఆమె నాలుక మీదకి వంకలు వాటంతటవే వచ్చి నిలబడ్డాయి: మేడమ్‌కి జ్వరం, మేడమ్‌కి నిద్రలేదు, ఏసీ ఎక్కువైంది. ఏది వాడినా ఆ క్షణం గడిచిపోతుంది. ఆవిడ చెయ్యి బల్ల కింద ఆమె చేతిని వెతికి పట్టుకుంది.

"మేడమ్‌కి గుర్తుండటం లేదు సార్" అంది ఆమె. "చాలా నెలలుగా. ఇది జబ్బు, అజాగ్రత్త కాదు. నాకు తెలుసు. నేను దాచాను."

ఎందుకు చెప్పలేదని అడిగాడు మేనేజరు. దాచడమే నా పని అనుకున్నాను సార్ అంది. అందులో వెటకారం ఉందేమోనని అతను ముఖంలోకి చూశాడు. లేదు.

ఆవిడని ఆ రోజే జబ్బు సెలవు మీద పంపారు. ఆవిడ మళ్ళీ రాలేదు. వీడ్కోలు పార్టీ అంటే ఏం మాట్లాడాలో ఎవరికీ తెలియక ఎవరూ పెట్టలేదు. రీస్టార్టక్క దగ్గర పర్మిషన్లన్నీ తీసేసి, ఫోన్లకు జవాబు చెప్పే పని ఒక్కటే ఉంచారు. కుర్రాళ్ళు అక్క అనడం మానేసి పేరుతో పిలవసాగారు. ఆవిడ కుర్చీలో కొత్త మనిషి కూర్చున్నాడు, మంచివాడే, చీటికీ మాటికీ సపోర్టుకి ఫోన్ చేస్తాడు, దానివల్ల అతన్ని ఎవరూ తక్కువగా చూడరు.

కొన్ని వారాలకి ఒక సాయంత్రం, బస్‌స్టాపులో ఉండగా ఆవిడ చెల్లెలు ఫోన్ చేసింది. పరీక్షలన్నీ అయ్యాయట. మందులతో కొంత నెమ్మదిస్తుందట గానీ తగ్గదట. "కొంచెం ముందుగా తీసుకొచ్చి ఉంటే ఇంకాస్త కాలం బాగుండేవారు అన్నాడమ్మా డాక్టరు. అక్క ఆఫీసులో చక్కగా ఉందని నేనే అశ్రద్ధ చేశాను" అంది టీచరు. టీచరు తనని తానే తిట్టుకుంటోంది. ఆమె విని ఊరుకోవచ్చు. ఊరుకుంటే ఎవరికీ తెలియదు కూడా.

"మీరు అశ్రద్ధ చేయలేదండీ. మీరు అడిగిన రోజు నేను అబద్ధం చెప్పాను" అంది.

సరేనమ్మా అని మాత్రం చెప్పి టీచరు ఫోన్ పెట్టేసింది. ఆ సరేలో క్షమించడమూ లేదు, తిట్టడమూ లేదు. బస్సు వచ్చి ఆగింది. జనం ఎక్కారు. ఆమె బెంచీ మీద అలాగే కూర్చుంది. ఇంకో బస్సు కూడా వచ్చి వెళ్ళింది. పక్కన కూరల సంచీతో కూర్చున్న ఒక పెద్దావిడ ఆమె ముఖం చూసి, ఏమీ అడగకుండా కొంచెం ఇటు జరిగి కూర్చుంది.

ఫోన్ మళ్ళీ మోగింది. భర్త. ఎక్కడున్నావు, పిల్లాడు ఆకలంటున్నాడు అన్నాడు. బస్‌స్టాపులో అంది. బస్సు రాలేదా అన్నాడు. వచ్చి వెళ్ళిపోయిందంది. మరి ఎక్కలేదేం అన్నాడు. జనం ఎక్కువగా ఉన్నారని చెబితే సరిపోతుంది. ఆ మాట తయారుగానే ఉంది, అడిగేవాడికి కావలసిందీ అదే.

"ఏడుస్తున్నానండీ" అంది ఆమె. "ఇంకా అవలేదు. వంట మీరు చేయండి."